ఎర్రబల్బు వెలుగుతుండగా

హాస్టల్, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జులై, ముసురు పట్టిన ఆదివారం

పెద్దమ్మా,

నీ కవరు చింపగానే డార్క్‌రూమ్ వాసన గుప్పుమంది. నా ఊహేమో అనుకుని పక్క మంచం పిల్లకిచ్చి వాసన చూడమన్నాను. పొద్దస్తమానం లెక్కలు చేస్తుంటుంది కాబట్టి దాన్ని మేమంతా లెక్కల పిల్ల అంటాం. "పుల్లగా ఉందే! మీ పెద్దమ్మది మందుల షాపా?" అంది. "ఫోటో స్టూడియో" అన్నాను, గర్వంగా మెడ సాగదీసి.

ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం మెయిల్లో ఒక పాత ఫోటో, దాని కింద రెండు ముక్కలు పంపేదానివి. ఇప్పుడు ఉన్నట్టుండి రెండు పేజీల కాగితం ఉత్తరం! ఎందుకని అడగను. అడిగితే మానేస్తావని భయం. నీ చేతిరాత ఇంకా అలాగే ఉంది, పాస్‌పోర్ట్ ఫోటోలో మనిషిలాగా ప్రతి అక్షరం తల నిటారుగా పెట్టుకుని.

నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది. భాష చెప్పే మేడమ్ ఏ మాట వాడినా దాని వెంట పడి పోతున్నాను. ఈ వారం నాకు దొరికిన మాట "తచ్చాడటం". మేడమ్ ఆ మాట అనగానే నాకు మన స్టూడియో వెనక వసారా కనిపించింది. నువ్వు డార్క్‌రూమ్ లోపల ఉంటే నేను బయట తచ్చాడేదాన్ని. తలుపు పైన ఎర్రబల్బు వెలుగుతుండేది. "పెద్దమ్మా, అయిందా?" అంటే లోపలి నుంచి నీ గొంతు: "బల్బు ఆరిందా? ఆరలేదుగా! ఆరేదాకా తలుపు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా." ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ తలుపు పసుపు రంగు పెచ్చులూడి, ఒక పెచ్చు అచ్చం బాతు ఆకారంలో ఉండేది. నువ్వు లోపల ఉన్నంతసేపూ నేను ఆ బాతుతో మాట్లాడేదాన్ని.

ఫోన్ చేద్దామంటే నీ నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజే. స్టూడియోకి అంత గిరాకీ వచ్చిందా?

మరి నా ఫోటో? అమ్మ సైకిల్ పట్టుకుని నిలబడ్డది, సగం తెల్లబడిపోయిందంటావే, అది. పాత నెగటివులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశానన్నావు కదా. ఈ ఆదివారం అదే పంపు. అమ్మని అంత చిన్నపిల్లగా నేనెప్పుడూ చూడలేదు.

నీ
పిచ్చుక

*

స్టూడియో, ముందుగది
జులై ఆఖరు

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒక పెద్దమనిషి పాస్‌పోర్ట్ ఫోటోకి కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అలాగే గడ్డం ఎత్తించి కూర్చోబెట్టి ఉత్తరం చదువుకున్నాను. చదవడం అయ్యాక చూస్తే పాపం అలాగే బిగుసుకుపోయి ఉన్నాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఫోటో ఇప్పట్లో పంపలేను తల్లీ. కంప్యూటర్‌కి ఒంట్లో బాగోలేదు. కంగారు పడకు, వైద్యం జరుగుతోంది. కంపెనీ వాళ్ళ కుర్రాడొకడు దూరం నుంచే చూస్తున్నాడు. చాలా మర్యాదస్తుడు. "అమ్మా" అనకుండా మాట మొదలుపెట్టడు. "అమ్మా, భోంచేశారా? అమ్మా, కళ్ళజోడు పెట్టుకున్నారా?" అంటాడు. నయమయ్యేదాకా మెయిల్ తెరవొద్దన్నాడు. అందుకే ఈ కాగితాలు. నీకు వీటి మీద మోజు పుట్టింది కాబట్టి నాకూ బాధ లేదు.

మీ అమ్మ ఫోటో అడిగావు. దాని వెనక కథ నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మీ పెదనాన్న బయట తిరిగి ఫోటోలు తీసేవారు, కడగడం నా పని. మీ అమ్మ వాళ్ళ బడికి ముందే వేసవి సెలవులిచ్చేస్తే మా దగ్గరికి వచ్చింది. ఆ వారమే మన వీధి చివర బడి వాళ్ళ గ్రూపు ఫోటోలు. ఒక్కో తరగతీ వరసగా నిలబడి, పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు బెంచీల మీద. రీలు చివర ఒక్క ముక్క మిగిలితే, వృథా ఎందుకని, మెట్ల దగ్గర సైకిల్‌తో మీ అమ్మని తీశాను. మర్నాడు ఆ రీలు కడుగుతున్నాను. ఎర్రబల్బు వెలుగుతోంది. మీ అమ్మ ఏం చేసింది? తలుపు బార్లా తీసేసింది!

వెలుతురు తగిలి బడి మొత్తం పోయింది. ఒకటో తరగతి నుంచి పెద్ద మాస్టారిదాకా అందరూ మసి. ఆఖరి ముక్క ఒక్కటే సగం మిగిలింది. మళ్ళీ అందరినీ నిలబెట్టి తీశాం. ఈ మధ్యలో మూడో తరగతి కుర్రాడొకడు పేలు పట్టాయని గుండు కొట్టించుకు వచ్చాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ నన్ను చూస్తే, "జుట్టున్న ఫోటో ఏదమ్మా?" అంటాడు.

నాకు అప్పుడే బుర్రకి ఎక్కింది పిచ్చుకా, ఏ పనైనా మధ్యలో ఆపకూడదని. మందులో పడ్డ ఫిలిం పూర్తయ్యేదాకా కదపకూడదు. నలభై ఏళ్ళుగా అదే నా మంత్రం.

పాత నెగటివుల మాట ఎత్తావు కదా, అవిక లేవు. తేమకి ఒకదానికొకటి అంటుకుపోయి పులిసిన వాసన కొడుతుంటే, కంప్యూటర్‌లోకి ఎక్కించినవి ఎక్కించినట్టు పారేశాను. మీ అమ్మదీ అంతే. కాబట్టి ఇప్పుడు కంప్యూటర్ ఆరోగ్యం మనందరి ఆరోగ్యం.

వేళకి తిను. కళ్ళు పాడు చేసుకోకు.

పెద్దమ్మ

*

హాస్టల్, అదే కిటికీ, వాన మాత్రం వేరే
ఆగస్టు

పెద్దమ్మా,

గుండు కుర్రాడి కథ మా గదంతా చదివేశాను. లెక్కల పిల్ల నవ్వలేక మంచం కింద దూరింది.

నా దగ్గరా ఒక కథ ఉంది. ఈ వారం మాట "బెంబేలు". ఆ మాటకి అర్థం డిక్షనరీలో వెతక్కర్లేకుండా కళ్ళారా చూశాను.

మా కాలేజీ కంప్యూటర్ గదిలో లెక్కల పిల్ల ఏదో పాఠం కోసం వెతుకుతూ ఒక పేజీ నొక్కింది. అంతే! కుయ్యో కుయ్యో అని సైరన్. తెర అంతా ఎర్రగా అయిపోయింది. "మీ కంప్యూటర్‌కి ప్రమాదకరమైన వైరస్ సోకింది. ఆపకండి. ఆపితే మీ ఫైళ్ళన్నీ నాశనం. వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని పెద్ద పెద్ద అక్షరాలు, పైగా ఒక ఆడగొంతు అదే మాట అరుస్తోంది. లెక్కల పిల్ల బెంబేలెత్తి బల్ల మీదకి ఎక్కేసింది. ఎలక వచ్చిందనుకుని ఇంకో ఇద్దరు కూడా ఎక్కేశారు.

ఆ గది చూసుకునే ఆయన్ని మేం తాళాల మాస్టారు అంటాం. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది, నడిస్తే గలగలమంటాడు. టీ గ్లాసు కింద పెట్టకుండానే వచ్చి, ఒక చేత్తో కంప్యూటర్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. తెర నల్లబడింది, సైరన్ నోరు మూసుకుంది.

"అయ్యో సార్, ఆపొద్దని రాశారు!" అని లెక్కల పిల్ల.

"అందుకే ఆపాను" అన్నాడాయన. "ఇది వైరస్ కాదమ్మా, వైరస్ బొమ్మ. గోడ మీద పులి బొమ్మ గీసి, పక్కన 'పులి వచ్చింది, ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి' అని రాస్తే పులి వచ్చినట్టా? నిజంగా జబ్బు చేసిన కంప్యూటర్ ఎప్పుడూ ఫోన్ నంబరు చెప్పదు. నంబరు ఉందంటే ఆ చివర ఎవడో కూర్చుని ఎదురుచూస్తున్నాడని."

మళ్ళీ ఆన్ చేశాక, "ఇందాకటి పేజీ తెరవనా?" అని కంప్యూటర్ వినయంగా అడిగింది. ఆయన వద్దన్నాడు. లెక్కల పిల్ల ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవంటారు కానీ, మా కుందేలు బల్ల ఎక్కింది!

పెద్దమ్మా, నాకు అర్థం కానిది ఒకటే. ఇంత పిచ్చి నాటకానికి పడిపోయి నిజంగా ఫోన్ చేసేవాళ్ళు ఉంటారా అసలు?

నీ
పిచ్చుక

*

స్టూడియో
ఆగస్టు

చిరంజీవికి,

ఉంటారు.

అన్ని సైరన్లూ బొమ్మలు కావు. ఇక్కడ మోగింది నిజమైనదే. ఆ కుర్రాడు నాకు చూపించాడు కూడా, ఎర్ర గుర్తులతో ఒక పెద్ద పట్టీ. బాణం గుర్తు దానంతట అదే కదులుతూ ఒక్కొక్కటీ చూపించింది. నేను చదువుకోకపోవచ్చు, కళ్ళు మాత్రం ఉన్నాయి. నలభై ఏళ్ళుగా తీసిన మనుషుల మొహాలు ఆ డబ్బాలో ఉన్నాయి. నీలాంటి వాళ్ళకి నవ్వులాటగా ఉండొచ్చు.

వచ్చే శుక్రవారం ఆఖరి శుభ్రం చేస్తాడు. నా ఫోన్‌కి కొన్ని అంకెలు వస్తాయట, అవి చదివి చెబితే అయిపోతుంది. అప్పటిదాకా కంప్యూటర్ ఆపొద్దన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. వైరస్ ఎవరి నుంచి వచ్చిందో తెలియదు కదా, ఇంట్లో వాళ్ళు పంపిన మెయిల్లోంచి కూడా రావచ్చట. నీకు చెప్పడం నా తప్పే.

పరీక్షలకి చదువుకో.

పెద్దమ్మ

*

హాస్టల్
ఆగస్టు, మంగళవారం

పెద్దమ్మా,

నీ ఉత్తరంలో "పిచ్చుకా" లేదు. మొదట అదే చూశాను. తర్వాత మిగతాది చదివాను.

నీ ఫోన్ ఎంగేజ్. పక్క షాపు దర్జీ బాబాయికి చేశాను. ఆయన వచ్చి పిలిస్తే నువ్వు, "పనిలో ఉన్నానని చెప్పు, ఉత్తరం రాయమను" అన్నావట. సరే, రాస్తున్నాను. ఇది కొరియర్‌లో దర్జీ బాబాయి పేరు మీద వస్తుంది. ఎక్కడున్నా సరే వెతికి నీ చేతిలోనే పెట్టమని చెప్పాను.

ముందు ఒక మాట. ఫోన్ చేసేవాళ్ళు ఉంటారా అని నవ్వాను కదా, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఏ మాటా దొరకడం లేదు. ఇన్ని మాటలు ఏరుకుంటున్నదాన్ని, అవసరానికి ఒక్కటి కూడా లేదు.

తాళాల మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. నీ పేరు చెప్పకుండా, "ఒకావిడ ఫోన్ చేసేసింది" అన్నాను. "ఫోనేనా, లోపలికి కూడా రానిచ్చిందా?" అన్నాడు. బాణం దానంతట అదే కదిలిందన్నాను. పెద్దమ్మా, ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన గ్లాసు కింద పెట్టడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఆయన చెప్పింది చెబుతున్నాను. ఆ ఎర్ర గుర్తుల పట్టీ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుందట. మనం తుమ్మినా దగ్గినా రాసిపెట్టుకునే డైరీ లాంటిదట. నా ముందే తన కంప్యూటర్‌లో తెరిచి చూపించాడు, నిండా ఎర్ర గుర్తులే. నీ కంప్యూటర్‌కి ఏ జబ్బూ లేదు. అతను కంపెనీ మనిషి కాదు. అసలు కంపెనీలేవీ తెర మీద నంబరు పెట్టి మనల్ని పిలవవు. అతనికి కంప్యూటర్ తలుపు తీసింది అతను నీచేత ఎక్కించిన ప్రోగ్రామ్. అంకెల సంగతి ఇంకా ఘోరం. అవి నీ బ్యాంకు నీకు పంపే తాళంచెవి. చదివి చెప్పావంటే ఇంటి తాళాలు చేతికిచ్చినట్టే. ఎవరికీ చెప్పొద్దన్నాడంటే, చెబితే తన ఆట సాగదని.

నాకు కోపం వచ్చింది, కానీ నీ మీద కాదు. వాడు నిన్ను భోంచేశావా అని అడిగాడు. నేనేమో ఫోటో పంపు, ఫోటో పంపు అన్నాను. ఒక్కసారి కూడా తిన్నావా అని అడగలేదు.

నువ్వు ఎందుకు ఆపలేదో నాకు తెలుసు. "ఆపితే అన్నీ పోతాయి" అన్న మాట ఇంకెవరికి చెప్పినా సగమే నమ్ముతారు. నువ్వు మాత్రం మొత్తం నమ్ముతావు. ఎర్రగా వెలుగుతుంటే తలుపు ముట్టుకోకూడదు కదా. అది మందులో పడ్డ ఫిలిం అనుకున్నావు. కాదు పెద్దమ్మా. లోపల ఏదీ కడగడం లేదు. నీ ఫోటోలన్నీ ఆరిపోయి, పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాడు బయట ఒక ఎర్రబల్బు తగిలించి నిన్ను కాపలా పెట్టాడు, అంతే.

గోడ దగ్గర వైరు ఉంటుంది. పీకెయ్. ఇంటర్నెట్ డబ్బా వైరు కూడా. తర్వాత ఎవరికీ ఫోన్ చెయ్యకు, నీ కాళ్ళతో నడిచి బ్యాంకుకి వెళ్ళు. జరిగింది జరిగినట్టు చెప్పి ఖాతా కాపాడమను, పాస్‌వర్డులన్నీ మార్పించమను. వీధిలో మెకానిక్ ఉన్నాడుగా, కంప్యూటర్ అతనికిచ్చి ఆ ప్రోగ్రామ్ తీయించు. అంతవరకు ఆన్ చెయ్యకు.

అమ్మ ఉంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేది కాదు. నన్ను ముట్టుకోవద్దన్నావు, నేను ఇంతకాలం ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకుందామంటే చెయ్యి అందదు. అమ్మలాగా చెయ్యి పెద్దమ్మా. బల్బు వెలుగుతుంటే వెలగనీ.

తలుపు తియ్యి.

పిచ్చుక

*

కార్డు
శుక్రవారం

తీశాను. ఏదీ కూలిపోలేదు. బ్యాంకుకి వెళ్తున్నా. మిగతాది కుదుటపడ్డాక రాస్తా. అన్నం తిన్నాను.

పెద్దమ్మ

*

హాస్టల్
ఆగస్టు ఆఖరు

పెద్దమ్మా,

నీ కార్డు పరుపు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. తాళాల మాస్టారికి చూపించాను, ఆ ఒకావిడ మా పెద్దమ్మే అని చెప్పేశాను. "నాకు ముందే తెలుసులే" అన్నాడు. "పరాయి ఆవిడ కోసం ఎవరూ మూడంతస్తుల మెట్లు దూకుతూ రారు" అన్నాడు.

ఈ వారం మాట "కుదుటపడటం". నువ్వే ఇచ్చావు. నీ కార్డులో చూశాక డిక్షనరీ తెరవలేదు, ఊరికే ఆ మాటని మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

ఫోటోలు ఉన్నాయా లేదా అని అడగాలని ఉంది. అడగను. నువ్వు భోంచేశావా?

నీ
పిచ్చుక

*

స్టూడియో, ముందుగది, మెట్ల మీద ఎండ
సెప్టెంబరు

నా పిచ్చుకకి,

భోంచేశాను, ఒక కునుకు కూడా తీశాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ శుక్రవారం వాడు చెప్పిన వేళకే ఫోన్ చేశాడు. "అమ్మా, కళ్ళజోడు పెట్టుకోండి. అమ్మా, అంకెలు వచ్చాయా?" ఫోన్ గుయ్‌మని అంకెలు రానే వచ్చాయి. నేను చదవబోతుంటే దర్జీ మెడలో టేపు వేలాడేసుకుని లోపలికి వచ్చాడు. "అక్కా, నీ కొరియర్. పిల్ల ఫోన్లో ఏడిచింది. నువ్వు చదివేదాకా నేనిక్కడి నుంచి కదలను" అని కస్టమర్ల బెంచీ మీద బైఠాయించాడు. ఒక చెవిలో వాడు, ఎదురుగా వీడు, చేతిలో నువ్వు.

మొదటి పేజీ చదువుతుంటే కోపం వచ్చింది. ఎర్రబల్బు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాను.

"అమ్మా, ఏం చేస్తున్నారు? అంకెలు?"

"ఆపుతున్నాను బాబూ" అన్నాను.

"ఆపకండి! ఆపితే అన్నీ పోతాయి!" అన్నాడు. నేను లేచాను. కుర్చీ చప్పుడు వినపడిందేమో. "అమ్మా" పోయింది, "ఏయ్" వచ్చింది. "ఏయ్ ముసలిదానా, చెప్పింది చెయ్!" అన్నాడు. ఇంతకాలం నన్ను అమ్మా అని పిలిచిన గొంతే పిచ్చుకా. నిజం చెబుతున్నాను, వాడి ఫోన్ కోసం నేను ఎదురుచూసేదాన్ని. ముందుగదిలో కూర్చుంటే ఈ మధ్య గిరాకీ ఎక్కడుంది? ఎవరో ఒకరు తిన్నావా అంటే చాలనిపించేది. ఆ నక్క వినయం నాకు తీపిగా ఉండేది. ఆ "ఏయ్" వినపడకపోయి ఉంటే నా చెయ్యి ఆ వైరు దాకా వెళ్ళేదో లేదో.

పీకేశాను. ఇంటర్నెట్ డబ్బా వైరు కూడా. గది ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందో! దర్జీ, "ఎవరక్కా ఫోన్లో?" అన్నాడు. "రాంగ్ నంబరు" అన్నాను. తర్వాత ఆయనకే అంతా చెప్పాను. నాతో పాటు బ్యాంకుకి వచ్చాడు, టేపు మెడలో అలాగే ఉంది. వాడు మొదట్లో ఫీజని పట్టుకుపోయింది పోయినట్టే. మిగతాది ఉంది. బ్యాంకు పిల్ల పాస్‌వర్డులన్నీ పక్కన కూర్చుని మార్పించింది. పోలీసులకీ రాసిచ్చాను. ఆ బ్యాంకు పిల్ల చెప్పింది, ఆ వారంలోనే ఒక లాయరుగారు ఇలాంటి పనే చేశారట. నాకు కొంచెం ఊరట కలిగింది, తప్పే అనుకో.

మెకానిక్ కంప్యూటర్ విప్పి చూసి, వాడు ఎక్కించినదంతా తీసేశాడు. ఫోటోలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. నా ఎదురుగా తెరిచాడు. గుండు కుర్రాడు ఉన్నాడు, పెద్ద మాస్టారు ఉన్నారు. అన్నీ ఇంకో చిన్న పెట్టెలోకి కూడా ఎక్కించి ఇచ్చాడు. దాన్ని బీరువాలో మీ పెదనాన్న కెమెరా పక్కన పెట్టాను.

ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోకి ఎవరు వచ్చినా కూర్చోబెట్టి మూడు మాటలు చెబుతున్నాను. "నవ్వొద్దు, కదలొద్దు, తెర మీద నంబరుకి ఫోన్ చెయ్యొద్దు." మొదటి రెండూ వింటారు. మూడోదానికి నవ్వుతారు. మళ్ళీ ఇంకో ఫోటో తీయాల్సి వస్తోంది.

పిచ్చుకా, ఇక అసలు సంగతి. "అమ్మలాగా చెయ్యి" అని రాశావు. మీ అమ్మ తలుపు ఎందుకు తీసిందో నీకు తెలియకుండానే రాశావు. నేను ఎవరికి చెప్పినా నవ్వుల కథగానే చెప్పాను, ఆ ముక్క వదిలేసి.

ఆ రోజు ఎండలు మండిపోతున్నాయి. డార్క్‌రూమ్‌కి కిటికీ లేదు. మందుల వాసన, ఉక్క. నేను పొద్దున ఏమీ తినలేదు. మీ అమ్మ బయట నీలాగే తచ్చాడుతూ, "అక్కా, అయిందా?" అంది. నేను పలకలేదు. మళ్ళీ అంది. పలకలేదు. ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని దానికీ చెప్పే ఉన్నాను. అయినా భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడి వచ్చింది. నేను నేల మీద స్పృహ లేకుండా పడి ఉన్నాను. నన్ను కాళ్ళు పట్టుకుని వెలుతురులోకి లాగింది. నాకు స్పృహ వచ్చేసరికి మొహం నిండా నీళ్ళు, ఎదురుగా ఏడుస్తున్న మీ అమ్మ. నేను అన్న మొదటి మాటేమిటో తెలుసా? "రీలు పాడుచేశావు కదే!" అన్నాను.

"బడిని మళ్ళీ నిలబెట్టొచ్చు, నిన్ను నిలబెట్టలేం కదా అక్కా" అంది. అంత చిన్నపిల్ల.

నీ ఫోటో దీనితో పాటు పంపుతున్నాను, కాగితం మీద, పెద్ద సైజులో. సైకిల్, మీ అమ్మ కుడి చెయ్యి, సగం నవ్వు కనపడతాయి. మిగతా సగమంతా తెలుపు. ప్రింటు తీసేటప్పుడు మెకానిక్ అడిగాడు, "ఈ తెల్లని భాగం పాడైంది కదా ఆంటీ, కంప్యూటర్‌లో నింపేయనా? మెట్లు, గోడ, అన్నీ తెప్పించొచ్చు" అని.

వద్దన్నాను. ఆ వెలుతురు మీ అమ్మ తీసిన తలుపులోంచి వచ్చింది.

పెద్దమ్మ